ఇంటికి నెలకు నాలుగు ఫోన్లు

ఫోను మోగగానే సంతోషపడేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది. నేనైతే అది కాసేపు మోగేదాకా దాన్ని ముట్టుకోను. ఈ జబ్బు నాకు ఎమ్మిగనూరులో పట్టుకుంది. ఎనభైల మొదట్లో, మా పెద్దపాప టైఫాయిడ్‌తో ఆదోని ఆసుపత్రిలో పడి ఉన్నప్పుడు.

అప్పుడు మా వీధికంతా ఒక్కటే ఫోను. అది నూలు షావుకారు ఇంట్లో ఉండేది. మాది మగ్గం ఇల్లు. మా ఆయన ఆ షావుకారు దగ్గరే నూలు తెచ్చుకుని చీరలు నేసేవాడు. వీధిలో సగం ఇళ్లు అలాంటివే. ఫోను వచ్చిన కొత్తలో షావుకారు తల్లి గడప మీద నిలబడి, "రాండమ్మా, మాట్లాడితే అదేమన్నా కరిగిపోతాదా" అని అందరినీ పిలిచింది. అప్పటినుంచి ఆమెకు మా వీధిలో ఫోనవ్వ అనే పేరు స్థిరపడిపోయింది.

పిలవడమే పాపమైంది. వీధిలో ప్రతివాళ్లూ బయటూళ్లలో ఉన్న చుట్టాలకంతా ఆ నంబరు పంచిపెట్టారు. ఎవరి మేనత్తకో కాలు బెణికితే ఫోను. ఎవరి ఎనుమో ఈనితే ఫోను. మా ఎదురింటాయనకు బళ్ళారిలో ఒక బావమరిది ఉండేవాడు. వాళ్లిద్దరూ ఫోనులో ఏం మాట్లాడుకునేవారో దేవుడికెరుక, ఎక్కువసేపు "ఆఁ... ఇంగేమి? ఇంగేమి?" అనడమే వినపడేది. అట్లా ఒకరోజు వాళ్లు ఇంగేమి అనుకుంటూ ఉండగా షావుకారుకు రావాల్సిన మిల్లు ఫోను రాలేదు. నూలు ధర మారిన కబురు అందలేదు, బేరం చెయ్యి జారిపోయింది. షావుకారు ఆ సాయంత్రం వీధి వాకిలికి గొళ్ళెం పెట్టి, ఇక ఎవరికీ ఫోను లేదన్నాడు.

అడ్డుపడింది అవ్వే. "వాకిలి మూయొద్దురా. కొలత పెడదాం" అంది.

ఆ కొలత ఏమిటంటే, ఇంటికి నెలకు నాలుగు ఫోన్లు. ఫోను పక్కన గోడ గూట్లో కొబ్బరిచిప్పలు వరుసగా పెట్టింది. ఏ చిప్ప ఎవరిదో తెలిసేదానికి ఒక్కోదానికి ఒక్కో రంగు నూలు కట్టింది. మాది నెమలికంఠం రంగు. నెల మొదట్లో ప్రతి చిప్పలో నాలుగు చింతగింజలు వేసేది. ఫోను వస్తే పిలిచేది, మాట్లాడి పెట్టేసినాక ఒక గింజ తీసేసేది. గింజలు అయిపోతే ఆ ఇంటికి ఫోను వచ్చినా "లేరు" అని పెట్టేసేది. అవ్వ నెల అమావాస్యకు ముగిసేది. మర్నాడు పాడ్యమికి చిప్పలన్నీ బోర్లించి మళ్లీ నాలుగేసి గింజలు వేసేది. మిగిలినవి కలిపేది కాదు.

నాకు అప్పట్లో నోరెక్కువ. ఇప్పుడు తగ్గిందని కాదు. నేరుగా పోయి అడిగాను. "వచ్చే ఫోనుకు మీకేం ఖర్చవ్వా? చేసేటోళ్లు కదా కట్టుకునేది?"

"ఖర్చు మాట కాదమ్మే. తీగ ఒగటే కదా. నువ్వు పట్టుకుంటే ఇంగొగరికి ల్యా" అంది అవ్వ.

"అట్లయితే బయటూర్లో ఎవరూ లేనోళ్లకూ నాలుగే, కష్టంలో ఉండేటోళ్లకూ నాలుగేనా?"

"ఒగరికి ఎక్కువ పెడితే ఇంగొగరు నా కొంప మీదికొస్తారు. గమ్మున పో."

ఆ కోపంలో ఇంటికొచ్చి పిండి విసురుతూ అవ్వను తిట్టుకున్నాను. నిజానికి అప్పుడు మాకు నెలకు ఒక్క ఫోను కూడా వచ్చేది కాదు. ఊరికే వాదన కోసం వాదించాను.

ఆ వానాకాలంలో నాకు రెండో కాన్పయింది. మగపిల్లవాడు. వాడు పుట్టి నెల కూడా తిరగలేదు, నాలుగేళ్ల పెద్దపాపకు జ్వరం పట్టుకుంది. ఎమ్మిగనూరు డాక్టరు ఇచ్చిన మందుకు దిగలేదు. ఒళ్లు పెనం లాగా కాలుతుంటే ఆయన "ఆదోనికి తీసుకపోండి, ఆలస్యం చెయ్యొద్దు" అన్నాడు. మా ఆయన పాపను దుప్పట్లో చుట్టుకుని బస్సెక్కాడు. నేను పురుటి మంచం మీద ఉన్నాను. నేనూ వస్తానంటే మా అత్త, "పసిగుడ్డునేసుకొని యాడికి పోతావే? వానికీ అంటుకుంటే?" అంది. తర్వాత ఆదోని డాక్టరు కూడా అదే మాట అన్నాడట. దాంతో నాకూ నా బిడ్డకూ మధ్య మిగిలింది ఆ ఫోను ఒక్కటే.

మొదటి ఫోను చేరిన రోజే వచ్చింది. మంచం దొరికింది, టైఫాయిడ్ అంట, జ్వరం పూర్తిగా దిగేదాకా అక్కడే ఉండాలంట అని చెప్పాడు. అవ్వ ఒక గింజ తీసింది. రెండో ఫోనులో జ్వరం దిగలేదన్నాడు. ఇంకో గింజ పోయింది. మూడోసారి ఆయన గొంతు వేరేగా ఉంది. పాప పలవరిస్తాందని చెప్పాడు. ఏమని పలవరిస్తాందని అడిగితే మాట దాటేశాడు. ట్రంకాల్ అంటే మూడు నిమిషాలే కదా, మధ్యలో ఎక్స్ఛేంజివాళ్లు టైమయిందని అననే అన్నారు. అప్పుడు ఆయన గబగబా అన్న మాట నాకు ఈనాటికీ చెవిలో ఉంది.

"ఇంగ ఒగటే ఉండాది. దాన్ని దాసిపెడతా. అవసరమైతేనే చేస్తా."

లైను తెగిపోయింది.

మీరెప్పుడైనా నేతగాడితో కాపురం చేసి ఉంటే ఆ మాట మీకు అర్థమవుతుంది. మా ఆయన చీర నేసేటప్పుడు నూలు చుట్టిన కండెలన్నీ వాడేసేవాడు కాదు. ఎంత కొరతగా ఉన్నా ఒక కండె మాత్రం చూరులో దోపి పెట్టుకునేవాడు. నేతలో ఎక్కడైనా పోగు పోతే అతకడానికి అదే రంగు నూలు మళ్లీ దొరకదు. ఆ ఆఖరి కండెను ముట్టుకున్నాడంటే చీరకు ఏదో పెద్ద నష్టం వచ్చినట్టే లెక్క. ఇప్పుడు ఫోనును కూడా చూరులో దోపి పెట్టాడు. మా అత్త ఆ సంగతి విని, "నా కొడుక్కి ముందుచూపు ఎక్కువ" అని మురిసింది. నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

ఎందుకంటే అంతకు ముందు ఫోను మోగితే కబురు వస్తుందని ఆశ. ఇప్పుడు ఫోను మోగిందంటే అవసరం పడిందని అర్థం. టైఫాయిడ్‌తో పలవరిస్తున్న బిడ్డ దగ్గర నుంచి వచ్చే అవసరం ఏముంటుంది? మోగకపోతే ఏం జరుగుతోందో తెలియదు. మోగితే తెలిసిపోతుంది. ఈ రెండింటిలో ఏది కావాలని దేవుణ్ణి అడగాలో కూడా నాకు తెలియలేదు. మా అత్త నన్ను బాలింతవు, గాలి తగులుతుంది, లోపల పడుకో అని అరుస్తుంటే, పిల్లవాణ్ణి చంకనేసుకుని సాయంత్రమయ్యేసరికి షావుకారు ఇంటి మెట్ల మీద కూర్చునేదాన్ని. ఫోను ఎవరికి మోగినా లేచి నిలబడేదాన్ని. అవ్వ బయటికొచ్చి వేరే ఇంటివాళ్లను కేకేస్తే, పాపం వాళ్లకేం కబురో అని ఒక్కసారి కూడా అనుకోలేదు. మాకు కాదు, అంతే చాలు.

వానలు ఆగలేదు. వంక పొంగి ఆదోని దోవ తెగిపోయింది, బస్సులు నిలిచిపోయాయి. మనిషిని పంపుదామంటే దారి లేదు. అవ్వను బతిమాలితే షావుకారు చేత ఆసుపత్రికి ఒక ట్రంకాల్ చేయించింది. అవతల ఫోనెత్తిన ఆయన, వార్డుల్లో ఉండేవాళ్ల సంగతి తన దగ్గర లేదని, పిలిచే మనిషి లేడని పెట్టేశాడు. తీగలు తెగిపోయాయేమోనని ఇంకో భయం పట్టుకుంది.

"అవ్వా, ఒగసారి ఎత్తి చూడు. పలుకుతాందా?"

అవ్వ రిసీవరు ఎత్తి నా చెవికి పెట్టేది. లోపల ఎక్స్ఛేంజిలో ఎవరో "నంబర్ చెప్పండి" అనేవారు. పెట్టేసేది. మొదట్లో విసుక్కునేది కానీ, తర్వాత తర్వాత నేను మెట్లెక్కడం చూసి అడక్కముందే ఎత్తి చూపించేది.

ఒక సాయంత్రం ఎదురింటామె, ఆ బళ్ళారి బావమరిది అక్క, నా పక్కన వచ్చి కూర్చుంది. కాసేపు పిల్లవాణ్ణి ఎత్తుకుని ఆడించింది. ఆ తర్వాత లోపలికి చూసి, "అవ్వా, మా చిప్పలో గింజలు ఈమె చిప్పలో ఎయ్యి" అంది.

"అట్లెయ్యచ్చా?" అంది అవ్వ. తను పెట్టిన కట్టుబాటులో ఆ మాట ఉందో లేదో తనకే తెలియదు.

"మా గింజలు మా ఇష్టం. మా తమ్ముడు ఈ నెల నోరు మూసుకొనుంటే సచ్చిపోతాడా?"

అది విని పక్కింటివాళ్లు కూడా మావీ వెయ్యమన్నారు. చీకటి పడేలోగా నెమలికంఠం నూలు కట్టిన మా చిప్పలో గింజలు గుప్పెడయ్యాయి. అవ్వ చిప్ప తెచ్చి నాకు చూపించింది. చూసి నేను ఏడ్చాను. సంతోషంతో ఏడ్చానని వాళ్లనుకున్నారు. కొంత అదీ ఉంది. కానీ నా ఏడుపంతా వేరే. ఇక్కడ గుప్పెడు గింజలున్న సంగతి ఆదోనిలో ఉన్న ఆయనకు చెప్పేదెవరు? ఆయన లెక్కలో ఒక్కటే ఉంది. దాన్ని పట్టుకుని కూర్చున్నాడు. చెప్పాలంటే ఆయన ఫోను చెయ్యాలి. ఫోను చేశాడంటే ఆ ఒక్కటీ అయిపోయినట్టే.

ఈ మధ్య ఇదంతా గుర్తొచ్చింది ఎందుకంటే, అప్పటి ఆ పసిగుడ్డు ఇప్పుడు తలనెరిసిన మనిషి. వాడింట్లో ఇంటర్నెట్టుకు నెలకింత అని హద్దు పెట్టారు. నెల సగానికే అయిపోయిందని, మిగిలితే మాత్రం వచ్చే నెలకు కలపరని ఒకటే గొణుగుడు. "అది మా ఫోనవ్వ ఎప్పుడో కనిపెట్టిందిలేరా" అన్నాను. వాడికి అర్థం కాలేదు. హద్దు ఉండాలా వద్దా అని నన్నడిగితే నేను రెండు వైపులా మాట్లాడతాను. అవ్వ కొలత పెట్టకపోయుంటే షావుకారు వాకిలి మూసేసేవాడు, మా వీధికి ఆ నాలుగు కూడా ఉండేవి కావు. ఆ మాట నిజమే. అయితే కష్టం నెలకు నాలుగు చొప్పున రాదు. వస్తే ఒక్క వారంలోనే అంతా వచ్చి నెత్తిన కూర్చుంటుంది. అందరికీ ఒకటే కొలత అన్నవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అమావాస్య దగ్గరపడింది. నాకు అది ఇంకో నరకం. ఒకపక్క అమావాస్య గడిస్తే పాడ్యమినాడు కొత్త గింజలు వస్తాయి, ఆయన తప్పకుండా ఫోను చేస్తాడు. ఇంకోపక్క మా అత్త వచ్చిన ప్రతివాళ్లతో, "అమావాస్య గడస్తే సాలు. జబ్బు మనిషికి ఆ గండం దాటల్ల" అంటోంది. ఆమె చెడు కోరి అనడం లేదు. ఆమెకు తెలిసిన ధైర్యం అదే. కానీ ఆ మాట విన్నప్పుడల్లా నాకు పాలు ఇంకిపోయినట్టుండేది. పిల్లవాడు రొమ్ము వదిలి ఏడ్చేవాడు. వాడి ఏడుపు వింటే పెద్దదాని ఏడుపు గుర్తొచ్చేది. అమావాస్య ముందు రోజు నేను అన్నం ముట్టలేదు. ఒక్క రోజు, ఒక్క రోజు మోగకుండా ఉంటే చాలు, ఎల్లుండికి పాడ్యమి అని నాలో నేనే జపం చేసుకున్నాను.

అమావాస్య నాడు మధ్యాహ్నం, మా అత్త పోలేరమ్మకు పెరుగన్నం కలుపుతుండగా, వీధిలోంచి అవ్వ కేక వినబడింది.

"ఏమ్మే! నీకే! ఆదోని నుంచి!"

ఆయన రేపటిదాకా ఆగితే కొత్త గింజలుండేవి. ఆ సంగతి ఆయనకు నాకంటే బాగా తెలుసు. ఒక్క రోజు ఆగలేకపోయాడంటే, చూరులోంచి ఆఖరి కండె తీశాడంటే, ఇంకేముంది? మా అత్త చేతిలో పెరుగన్నం అట్లాగే ఉండిపోయింది. ఆమె ముఖం చూస్తే ఆమె కూడా అదే అనుకుందని తెలిసింది. నేను పోనన్నాను. పోను, నాకు వద్దు, ఎవరన్నా పోయి వినండి అని అరిచాను. అవ్వ, ఆ వయసులో, చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని వానలో మా ఇంట్లోకి వచ్చింది.

"లెయ్. మూడు నిమిషాలే ఉండేది" అని రెక్క పట్టుకుని ఈడ్చుకుపోయింది. రిసీవరు కూడా ఆమే నా చెవికి ఆనించి పట్టుకుంది.

కాసేపు గరగర శబ్దం తప్ప ఏమీ వినిపించలేదు. ఆ తర్వాత, చాలా సన్నగా, ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు:

"మా... నాకు ఉగ్గాని కావాల."

నేను రిసీవరు మీదున్న అవ్వ చెయ్యిని గట్టిగా పట్టుకున్నాను.

"మా, నాయిన బొరుగుల ఉగ్గాని ఇయ్యల్యా. బార్లీ నీళ్లు తాగు, తాగు అంటాండాడు. అవి సప్పగా ఉండాయి. నువ్వు సెప్పు మా."

"సెప్తా తల్లీ" అన్నాను. అదొక్కటే వచ్చింది నోట్లోంచి. పాప ఆగకుండా చెప్పుకుపోయింది. కిటికీలోకి పిల్లి వస్తుందట. పక్క మంచం అవ్వకు పళ్లు లేవట. సూది వేస్తే తను ఏడవలేదట, కొంచెమే ఏడ్చిందట. తమ్ముడు పెద్దోడైనాడా అని అడిగింది. నేను ఊ, ఊ అంటూనే ఉన్నాను. మధ్యలో టైమయిందన్న గొంతు వినపడింది. మా ఆయన రిసీవరు లాక్కున్నాడు.

"జొరం నిన్న దిగింది. నీతో మాట్లాడల్ల అని ఒగటే ఏడుపు. ఇంగ దాసలేకపోయినా. ఇదే ఆఖరిది..."

"ఆఖరిది కాదప్పా! ఈడ సానా ఉండాయి, అందరూ..."

తెగిపోయింది. ఆ సంగతి నేను చెప్పనే లేదు.

అవ్వ రిసీవరు పెట్టేసి, కొంగుతో నా ముఖం తుడిచింది. తన కళ్లు కూడా తుడుచుకుంది. అది చూసి నాకు ధైర్యమొచ్చింది. "అవ్వా, ఈ గింజలు రేపటికి అట్లే పెట్టుకోకూడదా? ఇన్ని మిగిలినాయి" అన్నాను.

"అమావాస్య అయిపాయ కదమ్మే" అంది అవ్వ. మర్నాడు అన్ని చిప్పలతో పాటు మాదీ బోర్లించింది. మళ్లీ నాలుగే వేసింది. ఆ ముసలిదాన్ని ప్రేమించాలో కొట్టాలో నాకు ఎప్పుడూ తెలియలేదు.

దోవ బాగయ్యాక పాప ఇంటికొచ్చింది. జుట్టంతా రాలిపోయి, కళ్లు మాత్రం పెద్దవిగా ఉన్నాయి. దాన్ని చూసుకున్నాక, దానికి జావ పోశాక, నాకు ఇన్నాళ్లూ దాచుకున్న కోపమంతా పొంగింది. మా ఆయన మీద పడ్డాను. "జొరం తగ్గుతాందని ఒగ మాట సెప్పింటే ఏం పోతాండె? నేనీడ బతికినానా సచ్చినానా అని లేదా?"

ఆయన మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని, తెగిన పోగు ఒకటి వెతుక్కుంటున్నాడు.

"రోజూ పోస్టాఫీసుకు పోతాంటి" అన్నాడు చివరికి. "సాయంత్రం డాక్టరు సూసిపోయినంక పోయేటోణ్ణి. కౌంటరు కాడిదాకా పోయి నిలబడేటోణ్ణి. ఈ పొద్దు సేసేస్తే, రేపు ఏమన్నా అయితే దేంతో సెప్పల్ల అని తిరిగొచ్చేటోణ్ణి."

"నేనూ ఆ యాళకే అవ్వ మెట్ల మీద కూచుంటాంటి" అన్నాను.

ఆయన తల పైకెత్తి నన్ను చూశాడు. ఆ సాయంత్రాలలో ఆయన ఆ కొసన, నేను ఈ కొసన ఉన్నాం. మధ్యలో అవ్వ చెప్పిన ఆ ఒక్క తీగ ఎవరూ మాట్లాడకుండా ఖాళీగా ఉంది.